కుటుంబంతో టెంట్‌లో గడపాలనుకునేవారికి: మొగల్రాజపురంలోని అద్దె దుకాణంపై సమీక్ష

విజయవాడలోని మొగల్రాజపురం కొండ దిగువ వీధుల్లో, ఒక మేడ కింది షట్టరులో నడిచే ఈ దుకాణంలో టెంట్లు, పరుపులు, గ్యాస్ పొయ్యిలు, ఛార్జింగ్ లైట్లు, మడత కుర్చీలు రాత్రి లెక్కన అద్దెకు ఇస్తారు. సామాను నాణ్యత ఒక్కటే చూస్తే దీనికి మధ్యస్థమైన మార్కులే వేస్తాను. అయితే ఆరుబయట రాత్రి గడపడం ఎన్నడూ ఎరగని కుటుంబాన్ని, అందులోని పిల్లలతో, పెద్దవాళ్లతో సహా, ఆ రాత్రికి తగినట్టు తయారుచేసి పంపడంలో యజమాని చూపే శ్రద్ధను మనసారా మెచ్చుకోవలసిందే. ఇలాంటి ప్రయాణం సంతోషంగా సాగుతుందా, లేక పిల్లల ఏడుపులతో, పెద్దల విసుగుతో అర్ధరాత్రే ముగుస్తుందా అన్నది చాలావరకు బయలుదేరకముందే తేలిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ముందస్తు పనిని కూడా తన సేవలో భాగంగా భావించే దుకాణం కనుకనే దీని గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

మేము సంక్రాంతి సెలవుల్లో నూజివీడు దగ్గర మావారి పెదనాన్నగారి మామిడి తోటలో బస చేయాలనుకున్నాము. మూడో తరగతి చదివే మా అమ్మాయి, యూకేజీ చదివే అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, మేమిద్దరం వెళ్లవలసిన వాళ్లం. టెంట్ కావాలని అడగగానే యజమాని ధరల పట్టిక చేతిలో పెట్టలేదు. "ఎవరెవరు వెళ్తున్నారమ్మా? ఎక్కడ వేస్తారు? అక్కడ నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయా? రాత్రిపూట అవసరం పడితే కారు టెంట్ దాకా వస్తుందా?" అని వరుసగా అడిగారు. సమాధానాలన్నీ ఒక పుస్తకంలో రాసుకున్న తరువాతే సామాను సంగతి ఎత్తారు.

ఈ ప్రశ్నల విలువ ఏమిటో మా కళ్ల ముందే తెలిసింది. మా కంటే ముందు వచ్చిన కుర్రాళ్లు కృష్ణ ఇసుక తిన్నెల మీద టెంట్ వేసుకుంటామని చెబితే, ఆయన మర్యాదగానే కుదరదన్నారు. ఎగువన పులిచింతల నుంచి నీరు వదిలినప్పుడు, ప్రకాశం బ్యారేజీకి ఉన్న 70 గేట్లలో కొన్నింటిని ఎత్తినప్పుడు దిగువన పగలు పొడిగా కనిపించిన ఇసుక మీదికి రాత్రికి నీరు చేరవచ్చుననీ, నిద్రలో ఉన్నవాళ్లకు ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుందనీ వాళ్లకు నచ్చజెప్పారు. కొండపల్లి వైపు వెళ్తామంటే అటవీశాఖ అనుమతి కాగితం చూపమంటారట. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరమన్న విషయం చాలామందికి తెలియదు. అడవే కావాలనేవారికి, అటవీశాఖ ఆధ్వర్యంలో పర్యాటకుల బసలు నడిచే మారేడుమిల్లి వంటి చోట్లకు వెళ్లమని సలహా ఇస్తున్నారు. చేతికొచ్చే అద్దె వదులుకుని మరీ వద్దని చెప్పే వ్యాపారి మీద నాకు గౌరవం కలిగింది.

ఇక టెంట్ విషయం. సంచి మీద నలుగురికి అని ముద్రించి ఉంటే మనం నలుగురు హాయిగా పడుకోవచ్చనుకుంటాము. మాకు చూపించిన టెంట్ నేల కొలత 240 సెంటీమీటర్లు, 210 సెంటీమీటర్లు. 240ని నలుగురికి పంచితే ఒక్కొక్కరికి వచ్చేది 60 సెంటీమీటర్లు, అంటే రైలు బెర్తు పాటి వెడల్పు. అందులో బట్టల సంచులకు చోటు లేదు, నిద్రలో అటూ ఇటూ దొర్లే పిల్లవాడికి అసలే లేదు. తయారీదారులు రాసిన సంఖ్యలోంచి ఒకరిని తీసేసి లెక్క వేసుకోవాలని ఆయన చెప్పిన సూత్రం సరైనదేనని రాత్రి పడుకున్నాక మాకు అర్థమైంది. మా ఐదుగురిలో నలుగురికి ఆయన ఒక నలుగురి టెంట్, ఒక ఇద్దరి టెంట్ ఇచ్చారు. మొదటి దానికి రాత్రికి 400 రూపాయలు, రెండో దానికి 250 రూపాయలు తీసుకున్నారు. అత్తగారి గురించి మాత్రం, వంగి లోపలికి దూరడం, నేల మీది నుంచి లేవడం ఆవిడకు కష్టమని, తోటలో మకాం గది ఉంటే అక్కడే నవారు మంచం వేసి, దోమతెర కట్టి, మా టెంట్‌ను ఆ గడపకు ఎదురుగా వేసుకోమని సూచించారు. మరో టెంట్ అంటగట్టే అవకాశం ఉండీ ఆ సలహా ఇచ్చారు. ఆవిడ ఆ రాత్రి మా అందరికంటే సుఖంగా నిద్రపోయారు.

ఈ దుకాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది, టెంట్‌ను కస్టమరు చేతనే ఒకసారి వేయించి, విప్పించి, మడత పెట్టించిన తరువాత గానీ అప్పగించకపోవడం. దుకాణం పక్కనున్న ఖాళీ స్థలంలో ఈ పని జరుగుతుంది. తొందరలో ఉన్నవారికి ఇది విసుగు కలిగించవచ్చు గానీ, ఆ సమయం వృథా కాదని నా అభిప్రాయం. ముడుచుకునే ఫైబర్ కడ్డీలను బట్ట తొడుగులోకి ఎక్కించేటప్పుడు వెనక నుంచి నెట్టాలి తప్ప ముందు నుంచి లాగకూడదు. లాగితే లోపలి సాగే తాడు సాగి, ముక్కలు విడిపోయి, తొడుగు మధ్యలో ఇరుక్కుంటాయి. కడ్డీలను వట్టి చేత్తో నిమిరి చూడకూడదు. ఫైబర్ చీలిన చోట సన్నని పోగులు చర్మంలో గుచ్చుకుంటాయి, అవి కంటికి కనిపించవు కనుక తీయడం కష్టం. గుడ్డతో తుడిచి చూస్తే గుడ్డ పట్టుకున్న చోట చీలిక ఉన్నట్టు. మాకు ఇచ్చిన కడ్డీల్లో ఒకటి అలాగే చీలి ఉంటే వెంటనే మార్చారు, విరిగితే తొడుక్కోవడానికి ఒక చిన్న లోహపు గొట్టం కూడా సంచిలో వేశారు. తాళ్ల మేకులను నిటారుగా కాక, తల భాగం టెంట్‌కు దూరంగా వాలేలా ఏటవాలుగా కొట్టాలి. అప్పుడే గాలి లాగినా ఊడిరావు. నూజివీడు ఎర్రనేలలో ఇవి బాగానే దిగాయి. బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి వెళ్లేవారికి మేకులు పనికిరావని, తాళ్లకు కట్టి ఇసుక నింపి పాతిపెట్టడానికి గుడ్డ సంచులు ఇస్తున్నారు.

పిల్లల చేత పని చేయించడం కూడా ఈ పాఠంలో భాగమే. మేకులు లెక్కపెట్టి సంచిలో వేసే బాధ్యత మా అబ్బాయికి, టెంట్ మూలలు పట్టుకునే పని అమ్మాయికి అప్పగించారు. తోటకు వెళ్లాక వాళ్లిద్దరూ ఈ పనులను మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. ఎక్కడికో తీసుకెళ్లి కూర్చోబెడితే పిల్లలు ఫోను అడుగుతారు, పని ఇస్తే ఆ ఊసే ఎత్తరు. జనవరిలో మన ప్రాంతంలో సాయంత్రం ఆరు కాకముందే సూర్యాస్తమయం అవుతుంది. కాబట్టి నాలుగు గంటలకల్లా చేరుకుని, వెలుగు ఉండగానే టెంట్ వేయడం, వంట మొదలుపెట్టడం ముగించాలని ఆయన పదేపదే చెప్పారు. ముందే నేర్చుకున్నాము కనుక, పిల్లలు తోట చూసి వచ్చేసరికి మా టెంట్ నిలబడింది.

మంచు గురించి చాలామంది ఆలోచించరు. మన వైపు శీతాకాలంలో వానలు అరుదే గానీ, తెల్లవారుజామున మంచు ధారాళంగా కురుస్తుంది. దానికి తోడు నలుగురు రాత్రంతా వదిలే ఊపిరిలోని తేమ చల్లని బట్టకు తగిలి నీటి చుక్కలుగా మారుతుంది. ఒకే పొర ఉన్న చవక టెంట్లలో ఈ చుక్కలు పడుకున్నవారి ముఖాల మీదే రాలుతాయి. ఇక్కడ ఇచ్చేవి రెండు పొరల టెంట్లు: లోపల దోమలు దూరని వల గది, దాని మీద కొంచెం ఎడంగా నీరు దిగని పైకప్పు. చుక్కలు పైకప్పుకే అంటుకుని జారిపోతాయి. అయితే చలికి భయపడి గాలి కిటికీలన్నీ మూసేస్తే రెండు పొరలున్నా ప్రయోజనం ఉండదు, పైన రెండు వైపులా కొద్దిగా తెరిచి ఉంచాలి. పైకప్పు మీద 2000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది; అంత ఎత్తు నీటి ఒత్తిడికి తట్టుకున్న తరువాతే ఆ బట్ట తేమ వదిలిందని దాని అర్థం. మామూలు వానకు అది సరిపోతుంది.

టెంట్ కింద పరిచే బరకం విషయంలో మాత్రం అందరూ గమనించవలసిన సంగతి ఒకటుంది. ధాన్యం మీద కప్పే బరకం ఇంట్లో ఉంటే అదే చాలు, అద్దెకు తీసుకోనవసరం లేదు. కానీ దాని అంచులు టెంట్ నేల కంటే బయటికి రాకూడదు. పెద్దదిగా పరిస్తే బాగుంటుందని అనిపిస్తుంది గానీ, బయటికి వచ్చిన అంచు మీద పడిన మంచు, వాన నీరు పళ్లెంలో పోసినట్టు నేరుగా టెంట్ అడుగుకు చేరతాయి. అంచులను నాలుగు వైపులా లోపలికి మడవాలి.

పరుపుల దగ్గర ఈ దుకాణం నన్ను నిరాశపరిచింది. ఇచ్చిన నురుగు చాపలు బాగా నలిగిపోయి, తుంటి, భుజం ఆనే చోట్ల దాదాపు పలచబడి ఉన్నాయి. నేల చల్లదనం కింది నుంచి శరీరానికి పాకుతుంది, పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా అది ఆగదు. ఒకదానిమీద ఒకటి రెండేసి చాపలు వేసి, వాటి మీద ఇంటి నుంచి తెచ్చిన జంపఖానా పరిచాక గానీ పిల్లలు స్థిమితంగా పడుకోలేదు. రాత్రికి 50 రూపాయలు తీసుకుంటున్నప్పుడు ఏటా కొత్తవి కొనడం న్యాయం. మరోవైపు, స్లీపింగ్ బ్యాగులు తీసుకోబోతే ఆయనే వద్దన్నారు. జనవరిలో మన దగ్గర రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కలకు మాత్రమే దిగుతుంది కనుక లంబసింగికో అరకుకో వెళ్తే తప్ప వాటి అవసరం లేదని, మందపాటి దుప్పటి, పిల్లలకు టోపీ, మేజోళ్లు చాలునని చెప్పారు. అది నిజమే.

పొయ్యి వివరాలు కొంచెం జాగ్రత్తగా చదవండి. ఇక్కడ ఇచ్చేది పక్కనే 220 గ్రాముల బ్యూటేన్ డబ్బా అమరే ఒంటి బర్నరు పొయ్యి. ఇది తేలికైనది, టీకి, ఉప్మాకు, అన్నానికి సరిపోతుంది. అయితే గిన్నె అంచు గ్యాస్ డబ్బా ఉన్న గది మీదికి రాకూడదు. ఇంట్లోని పెద్ద బాణలినో పెనాన్నో దీని మీద పెడితే వేడి డబ్బా వైపు మళ్లి, లోపలి ఒత్తిడి పెరిగి ప్రమాదం జరగవచ్చు. డబ్బాలను ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. రైల్లో వెళ్లేవారు వీటిని తీసుకెళ్లకూడదు, రైల్వే నిబంధనలు ఒప్పుకోవు. అన్నిటికంటే ముఖ్యంగా, వాన పడుతోందనో చలిగా ఉందనో టెంట్ లోపల పొయ్యి వెలిగించడం గానీ, బొగ్గుల కుంపటి పెట్టుకోవడం గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. బట్ట అంటుకోవడం ఒక ప్రమాదమైతే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీయడం అంతకు మించిన ప్రమాదం. ఈ మాటను ఆయన రసీదు వెనక ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించారు. మాకు చెప్పేటప్పుడు ఆయన గొంతులో వినిపించిన ఆందోళన వ్యాపారం కోసం తెచ్చిపెట్టుకున్నది కాదు.

పాముల విషయం ఎత్తితే కస్టమర్లు బెదిరిపోతారని దాచకుండా, దాని గురించీ చెప్పారు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది, కాటు నొప్పి ఒక్కోసారి తెలియనే తెలియదు. జిప్పు పూర్తిగా మూసిన టెంట్ నిజానికి మంచి రక్షణ. జిప్పును సగం వదిలి బయటికి వెళ్లే అలవాటే ప్రమాదం. మా టెంట్ జిప్పు ఒకటి బిగుసుకుపోతుంటే దాని మీద కొవ్వొత్తి రుద్ది సులువు చేసి ఇచ్చారు. చెప్పులు, బూట్లు లోపలే పెట్టుకోవాలి, వేసుకునే ముందు దులపాలి. తేళ్లకు అవి ఇష్టమైన చోట్లు. చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయకూడదు. ఒకవేళ కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం వంటివి చేయకుండా, కాటు పడిన భాగాన్ని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేరాలి. ఆయన మొదట కారు టెంట్ దాకా వస్తుందా అని అడగడానికి కారణం ఇదే.

లైట్లు రెండు రకాలు ఇచ్చారు. తెల్లని వెలుగు చిమ్మే దాన్ని టెంట్‌కు పది అడుగుల దూరాన కొమ్మకు వేలాడదీయమని, పసుపు వెలుగు ఇచ్చే చిన్నదాన్ని లోపల వాడమని చెప్పారు. పురుగులన్నీ తెల్లని వెలుగు వైపు పోవడంతో మా అన్నాల్లో ఒక్క రెక్కల పురుగూ పడలేదు. చిన్న లైటు మాత్రం ఛార్జింగ్ తొందరగా అయిపోయే పాతది. మా సొంత టార్చి ఉండబట్టి ఇబ్బంది పడలేదు.

తిండి, నీళ్ల సంగతి దుకాణానికి సంబంధించినది కాదు కనుక క్లుప్తంగా చెబుతాను. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్క వేసుకుంటే ఐదుగురికి ఒక 20 లీటర్ల క్యాను ఒక రోజుకు సరిపోతుంది. మొదటి పూటకు ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం తీసుకెళ్తే చేరగానే పొయ్యి వెలిగించే హడావిడి ఉండదు. మిగతా పూటలకు అన్నం, టమాటా పప్పు, వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడి చాలు. ఓఆర్ఎస్ పొట్లాలు, పిల్లల జ్వరం మందు, అత్తగారి బీపీ మాత్రలు విడిగా ఒక స్టీలు డబ్బాలో పెట్టుకున్నాము.

మామిడి తోటలకు వెళ్లేవారికి మరొక హెచ్చరిక చేయాలి. ఇది యజమాని ప్రత్యేకంగా చెప్పకపోతే మాకు తట్టేది కాదు. జనవరి నూజివీడు తోటలు పూత పట్టే కాలం. తేనెమంచు పురుగు, బూడిద తెగులు పూతను తినేయకుండా రైతులు అప్పుడే మందు కొడతారు. మందు కొట్టిన చెట్ల మధ్య పిల్లలతో పడుకోవడం మంచిది కాదు, కాబట్టి ఎప్పుడు కొట్టారో, మళ్లీ ఎప్పుడు కొడతారో తోట కాపలావారిని ముందే కనుక్కోవాలి. మేము ఫోన్ చేసి అడిగితే, మందు కొట్టబోయే రోజు సరిగ్గా మేము అనుకున్న రోజుకే పడింది. వెంటనే ప్రయాణాన్ని కనుమ తరువాతికి జరిపాము. దుకాణం వారు తేదీ మార్పుకు అదనంగా ఒక్క రూపాయి అడగలేదు. పురుగు పట్టిన చెట్టు కింద టెంట్ వేస్తే జిగురు చుక్కలు కప్పు మీద పడి, ధూళి అంటుకుని, శుభ్రం చేయడం కష్టమవుతుంది. అందుకని చెట్ల వరుసల మధ్య ఖాళీలోనే వేయమన్నారు. పగలు ఎండ తగిలినా, రాత్రి పడుకున్నప్పుడు వల కిటికీలోంచి నక్షత్రాలు కనిపించాయి. విజయవాడలో పుట్టి పెరిగిన మా పిల్లలు అన్ని నక్షత్రాలు చూడటం అదే మొదటిసారి. మా అమ్మాయి లెక్కపెడుతూ నిద్రపోయింది, అబ్బాయి మాత్రం నాన్నమ్మ చేత ధ్రువుడి కథ చెప్పించుకుంటూ చాలాసేపు మేలుకున్నాడు.

తిరిగి ఇచ్చేటప్పుడు జరిగిన సంగతి కూడా రాయాలి. డిపాజిట్‌గా కట్టిన 3,000 రూపాయలను అప్పటికప్పుడు ఇవ్వకుండా, టెంట్‌ను తెరిచి చూశాకే వేస్తామన్నారు, ఆ సొమ్ము ఖాతాలో పడటానికి వారం పట్టింది. రెండుసార్లు ఫోన్ చేయవలసి వచ్చింది. తడిసిన టెంట్‌ను మడిచి ఇస్తే బూజు పట్టి బట్ట పాడవుతుంది కనుక వారి జాగ్రత్త అర్థం చేసుకోదగినదే. కానీ ఆ తనిఖీని కస్టమరు ఎదుటే ముగిస్తే ఇద్దరికీ అనుమానాలు ఉండవు. మేము ఉదయం పది గంటల దాకా ఆగి, ఎండకు మంచు ఆరాకే మడిచాము, మేకులన్నీ మట్టి కడిగి ఇచ్చాము.

పండుగ సెలవులకు కావాలంటే కనీసం మూడు వారాల ముందే చెప్పి ఉంచుకోండి, పెద్ద టెంట్లు త్వరగా అయిపోతున్నాయి. ఆధార్ జిరాక్సు తీసుకెళ్లండి. సాయంత్రం వేళ రద్దీగా ఉంటుంది. పిల్లలను వెంటబెట్టుకుని ఉదయం పూట వెళ్తే టెంట్ వేయడం తాపీగా నేర్పుతారు. పరుపులు, చిన్న లైటు ఇంటివే తీసుకెళ్లండి. టెంట్, పొయ్యి, పెద్ద లైటు ఇక్కడే తీసుకోండి.